తండ్రి ఎక్కిన బస్సు

నాట్యం మీద సినిమా అనగానే మనకో అంచనా ఉంటుంది. బీద పిల్ల, పెద్ద ఆశ, చివరికి చప్పట్లు. 2000లో వచ్చిన 'బిల్లీ ఎలియట్' అనే ఇంగ్లీషు చిత్రమూ పైకి అలాగే కనిపిస్తుంది. ఇందులో నాట్యం చేసేది పదకొండేళ్ళ కుర్రవాడు. అయినా నా మటుకు నాకు కథానాయకుడు వాడు కాదు, వాడి తండ్రి.

కథ జరిగేది ఇంగ్లండు ఈశాన్యాన, డర్హామ్ ప్రాంతపు బొగ్గుగని ఊళ్ళో. చిత్రంలో పెట్టిన పేరు కల్పితం గాని, తీసింది మాత్రం ఈజింగ్టన్ అనే నిజమైన గని ఊళ్ళోనే. ఒక్క అచ్చులో పోసినట్టు ఇటుక ఇళ్ళ వరసలు, అవతల సముద్రం. 1951లో అక్కడి గనిలో పేలుడు జరిగి 83 మంది పోయారు. అలాటి ఊళ్ళో మగపిల్లవాడికి రాసిపెట్టినవి రెండే: చిన్నప్పుడు బాక్సింగు, పెద్దయ్యాక గని.

కాలం 1984. ఇరవై గనులు మూసేస్తామనీ, ఇరవై వేల ఉద్యోగాలు పోతాయనీ ప్రకటన వెలువడింది. కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మె ఏడాది నడిచింది. బిల్లీ తండ్రి జాకీ, అన్న టోనీ ఇద్దరూ అందులో ఉన్నవాళ్ళే. తల్లి లేదు. ఇంట్లో ఉన్న ముసలావిడకు మతిమరుపు.

రచయిత లీ హాల్ ఇక్కడ మంచి మెలిక పెట్టాడు. సమ్మెవాళ్ళకు వంట చేసి పెట్టడానికి బాలే నేర్పే గది కావలసి వచ్చింది. దాంతో పంతులమ్మ తన ఆడపిల్లల్ని వెంటేసుకుని బాక్సింగు హాలుకు వచ్చింది. సమ్మే లేకపోతే బిల్లీ బాలే ముఖం చూసి ఉండడన్నమాట!

సంగతి తెలిసి తండ్రి మండిపడతాడు. మగాడికి గంతులేమిటని ఆయన కోపం. కూచిపూడి భాగవతుల ఇళ్ళలో మగపిల్లవాడు గజ్జె కట్టకపోతేనే కదా ఒకప్పుడు వింత! ఊరికో న్యాయం.

ఆ చలికాలం పొయ్యిలోకి బొగ్గు లేదు. బొగ్గు తవ్వే ఇంట్లోనే! క్రిస్మస్‌కు తండ్రి చచ్చిపోయిన భార్య వాయించుకున్న పియానోను సుత్తితో పగలగొట్టి కాలుస్తాడు. ఆ రాత్రే హాల్లో కొడుకు ఆడుతుండగా చూస్తాడు. బిల్లీ ఒక్క మాటా అనడు. తండ్రి కళ్ళలోకి చూస్తూ ఆడి ఊరుకుంటాడు.

లండను వెళ్ళి నాట్య పాఠశాల పరీక్షకు నిలబడాలంటే డబ్బు కావాలి. జాకీ సమ్మె ద్రోహుల్ని పనిలోకి తీసుకుపోయే బస్సెక్కుతాడు. సమ్మెలో ఉన్నవాడికి అంతకన్న తలవంపు మరొకటి లేదు. తానే నిన్నటిదాకా తిట్టిన బస్సు. లోపల తండ్రిని చూసిన టోనీ గని లోపలికి పరుగెత్తి పట్టుకుంటాడు. అంత మనిషీ పెద్దకొడుకు భుజం మీద పడి భోరుమంటాడు. వెనక్కి వచ్చి భార్య నగలు తాకట్టు పెడతాడు. గ్యారీ లూయిస్ ఈ పాత్ర వేశాడు. జేమీ బెల్ గంతుల్ని లోకమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిందే. నేను మాత్రం ఆ ఏడుపు కోసం రెండోసారి చూశాను.

పిల్లలతో చూడదలచిన తల్లిదండ్రులకు ఒక్క మాట: ఆ ఊరివాళ్ళ నోళ్ళు అంత మంచివి కావు. పంతులమ్మ జూలీ వాల్టర్స్ కూడా పిల్లల ముందే సిగరెట్టు కాలుస్తుంది. బాగా నటించింది. ఆఖరున పద్నాలుగేళ్ళు దాటించి పెద్దయిన బిల్లీని రంగస్థలం మీద ఎగిరించడం నాకంత అవసరమనిపించలేదు.

పాఠశాలలో సీటు వచ్చిందన్న ఉత్తరం చూసుకుని జాకీ స్నేహితుల దగ్గరికి పరుగున పోతాడు. అక్కడెవరికీ ముఖంలో కళ లేదు. యూనియన్ లొంగిపోయింది, సమ్మె ముగిసిందని చెబుతారు. పిల్లవాడు లండను బస్సెక్కాక తండ్రీ, పెద్దకొడుకూ నలుగురితో పాటు ఇనుప బోనులో నిలబడి గనిలోకి దిగిపోతారు. చిత్రం తీసిన ఈజింగ్టన్‌లో ఆ గనిని కూడా 1993లో మూసేశారు.