తోక ఏమయింది?

రోహిణి ఎండలు రోళ్లు పగలగొట్టి వెళ్లిన తర్వాత, మృగశిరలో నాలుగు జల్లులు పడ్డాయో లేదో, ఊరిచివర గుంటల్లో కప్పల కచేరీ మొదలవుతుంది. నిన్నటిదాకా ఈ గాయకులంతా ఎక్కడున్నారయ్యా అంటే, మట్టి అడుగునా, రాళ్ల సందుల్లోనూ, తడి మిగిలినచోటల్లా నోరు మూసుకు పడివున్నారు. ఋగ్వేదంలో కప్పల మీద ఒక సూక్తమే ఉంది. అమరకోశం కప్పకిచ్చిన పేర్లలో ‘వర్షాభువు’ ఒకటి. వానకు పుట్టేది అని అర్థం. వాన కోసం పల్లెల్లో కప్పతల్లిని ఊరేగించి నీళ్లు పోస్తారు గాని, నిజానికి కప్ప వానను తేదు. వానే కప్పను తెస్తుంది.

సరిగ్గా ఈ రోజుల్లోనే బడులు కూడా తెరుస్తారు. ఏదో ఒక తరగతి పుస్తకంలో కప్ప జీవితచక్రం ఉండనే ఉంటుంది. గుండ్రంగా నాలుగు బొమ్మలు, మధ్యమధ్య బాణం గుర్తులు: గుడ్డు, తోకకప్ప, కాళ్లొచ్చిన తోకకప్ప, కప్ప. పిల్లవాడు సాయంత్రానికల్లా గడగడ అప్పజెబుతాడు. అమ్మ మురిసిపోతుంది. నాన్న సెల్‌ఫోనులో వీడియో చూపిస్తాడు. అందులో ఆరువారాల కథ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. పాఠం వచ్చేసిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

రాలేదని నా మనవి. ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు. కాని రెండు సంగతులు అందులో ఇమడవు. ఒకటి ఆలస్యం, రెండోది నష్టం. ఆ రెండూ తెలియనిదే ప్రాణం పెరగడమంటే ఏమిటో పిల్లలకు తెలియదు.

తెలియజెప్పడానికి ఖర్చేమీ లేదు. వాన వెలిశాక పిల్లల చెయ్యి పట్టుకుని దగ్గరున్న గుంటదాకా నడవండి. నీటిమీద సగ్గుబియ్యం పాయసంలా తేలుతూ, గింజగింజలో ఒక నల్లచుక్క కనిపిస్తే అవి కప్పగుడ్లు. జిగటతాడులో నల్లపూసలు గుచ్చినట్లు బారుగా ఉంటే అవి గోదురుకప్పవి. “ఇవి ఫలానా” అని వెంటనే చెప్పేయకండి. “ఎలా ఉన్నాయిరా?” అని అడగండి. వాళ్లు చెప్పే పోలిక మన పోలికకన్నా బాగుంటుంది. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి. ఉపమాలంకారం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిచోటు నాకు కనబడలేదు.

మన ప్రాంతపు వేడికి రెండుమూడు రోజుల్లోనే గుడ్డులోంచి పిల్ల బయటపడుతుంది. అప్పుడే ఈదదు. ఒకటి రెండు రోజులు ఆకునో, జిగటనో అంటిపెట్టుకుని ఉండి, ఆ తర్వాత తోక ఆడిస్తుంది. మొప్పలతో ఊపిరి పీలుస్తూ, పాచి గీక్కుని తింటూ తిరుగుతుంది. అప్పుడు ఒక అయిదారింటిని గుంటనీటితో సహా వెడల్పాటి గిన్నెలోకి తెచ్చి నీడపట్టున ఉంచండి. దోమలు చేరకుండా పైన పలచని గుడ్డ కట్టండి. కొళాయినీళ్లు పోయదలిస్తే ఒకరోజు నిలవ ఉంచి మరీ పోయాలి. క్లోరిన్ వాటికి విషం. ఉడికించిన పాలకూర చిటికెడు చాలు. ముట్టుకున్న చేతులు కడిగించండి. ఇక కనిపెట్టుకుని ఉండడమే.

ఆ పైన చాలా రోజులు చెప్పుకోదగ్గదేమీ జరగదు. “కాళ్లింకా రాలేదేం?” అని పిల్లలు పూటకోసారి అడుగుతారు. అడగనివ్వండి. ముందుగా వెనకకాళ్లు మొలుస్తాయి. ఇంకొన్నాళ్లకు ముందుకాళ్లు, లోపలే తయారై ఉన్నవి, చర్మం తోసుకుని పైకొస్తాయి. ఆ పూటనుంచీ గిన్నెలో నీటికి పైన తేలేటట్లు ఒక రాయి ఉండితీరాలి. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకొచ్చే సమయమది. ఎక్కడానికి చోటు లేకపోతే నీటిలో పుట్టిన ప్రాణి నీటిలోనే మునిగి చస్తుంది. ఆ రాయి పెట్టే పని పిల్లలకే అప్పగించండి.

మా ఎదురింటి చిన్నది, రెండో తరగతి, గిన్నెముందు బోర్లా పడుకుని చూసి చూసి, “మాస్టారూ, ఊడిన తోక ఏదండీ?” అని అడిగింది. పెద్దవాళ్లలో కూడా తోక రాలిపోతుందనుకునేవారు లేకపోలేదు. రాలదు. కరిగి ఒంట్లోనే కలిసిపోతుంది. ఆ రోజుల్లో పాచి గీకే నోరు పోయి పురుగును పట్టే నోరు వస్తూంటుంది, పేగు కురచవుతూంటుంది. కనుక తిండి మానేస్తుంది. అప్పుడు తోకే దానికి చద్దిమూట. ఈ మార్పంతా నడిపేది థైరాయిడ్ గ్రంథి. 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు గుర్రపు థైరాయిడ్‌ను తోకకప్పలకు తినిపిస్తే, అవి వేళకు ముందే మరుగుజ్జు కప్పలయ్యాయి. పిల్లలను తొందరపెట్టే తల్లిదండ్రులు కాస్త ఆలోచించదగ్గ సంగతే ఇది.

ఇక నష్టం మాట. ఒకనాటి ఉదయం గిన్నెలో ఒకటి వెల్లకిలా తేలుతుంది. పిల్లలు లేచేలోగా దాన్ని తీసేసి, మరోదాన్ని తెచ్చి వేద్దామని మనకు బుద్ధి పుడుతుంది. వద్దు. “చచ్చిపోయిందా?” అంటే “అవునమ్మా” అనండి. కప్ప వందలూ వేలూ గుడ్లు పెడితే, పక్షులూ చేపలూ తూనీగపిల్లలూ తిన్నవి పోగా, గుంట ఎండి పోయినవి పోగా, గట్టెక్కేవి కొద్ది. చక్రం బొమ్మలో ఒక గుడ్డుకు ఒక కప్ప. గుంటలో లెక్క అలా ఉండదు. ఈ నిజం వినడానికి పిల్లలకంటే మనమే ఎక్కువ జంకుతాం. వాళ్లు కాసేపు ఏడుస్తారు, పెరట్లో పూడ్చిపెడతారు, మిగిలినవాటికి నీళ్లు మారుస్తారు.

బఠాణీగింజంత కప్ప రాయెక్కి గెంతిన రోజున, తెచ్చిన గుంటవద్దే వదిలి రండి. వేరేచోట వదిలితే ఒకచోటి జబ్బు ఇంకోచోటికి పాకుతుంది. అయితే, అప్పటికి ఆ గుంట ఉంటుందా? కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వం 1987లో నిషేధించింది గాని, గుంటలు పూడ్చడం ఆగలేదు. ప్రపంచంలోని ఉభయచరాల్లో నూటికి 40 జాతులకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నట్లు 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈ అంకె పిల్లలచేత వల్లె వేయించనక్కర్లేదు. ఆరువారాలు గిన్నెముందు కూర్చున్న పిల్ల, ఎవరైనా ఆ గుంటలో చెత్త కుమ్మరించబోతే, “అందులో మా కప్పలున్నాయండీ” అని తనే అంటుంది. పరీక్షలో ఆ మాటకు మార్కులు వెయ్యరు. అయినా పాఠం వచ్చినట్లు గుర్తు అదే.

వానలు ఇంకా ముందున్నాయి. ఒక పాత గిన్నె తీసి ఉంచండి.