దిష్టి కాదు, అమ్మోనియా: కొత్త అక్వేరియంలో చేపలు ఎందుకు బతకవు?

ఈసారి పొలం కాదు, ఇంట్లో పెట్టుకునే చేపల తొట్టె గురించి.

అక్వేరియంలో చేప చనిపోతే "ఇంటి దిష్టి అది తీసుకుపోయింది" అని చాలామంది సమాధానపడిపోతారు. మళ్లీ నాలుగు చేపలు తెస్తారు. పది రోజులకి అవీ పోతాయి. సూటిగా చెప్తాను, కొత్త తొట్టెల్లో ఎక్కువసార్లు చేపల్ని చంపేది అమ్మోనియా. తొట్టె, చేపలు ఒకే రోజు కొనడం వల్ల వచ్చే చావు అది. నేల సంగతి తెలిసిన మనం ఆ పని అసలు చేయకూడదు.

చేప మొప్పల నుంచి రాత్రింబగళ్లు అమ్మోనియా వస్తూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే. మన పొలంలో ఆవు మూత్రంలోని నత్రజనిని సూక్ష్మజీవులు అమ్మోనియా నుంచి నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి కదా, తొట్టెలో కూడా అదే జరగాలి. మొదటి రెండూ చేపకి విషాలు, మూడోది తక్కువ మోతాదులో పెద్దగా ఏమీ చేయదు. కానీ కొత్త గాజు, కడిగిన గులకరాళ్లు, కవర్ విప్పిన స్పాంజి, వీటిలో ఆ సూక్ష్మజీవులు ఎక్కడివి? మందులు కొట్టి కొట్టి చచ్చిన నేల లాంటిదే కొత్త తొట్టె. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయని మోసపోవద్దు, అమ్మోనియా కంటికి కనపడదు.

అందుకే చేపల కంటే ముందు కొనాల్సింది చుక్కల మందుతో పరీక్షించే టెస్ట్ కిట్. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ మూడూ చూసేది తీసుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెలో సుమారు 50 లీటర్లు పడతాయి. స్పాంజి ఫిల్టర్ పెట్టి గాలి పంపు 24 గంటలూ నడపండి. మున్సిపాలిటీ నీళ్లయితే ముందు ఒక రోజు గాలి కొట్టించి క్లోరిన్ పోనివ్వండి. బోరు నీళ్లకి ఆ బాధ లేదు. ఆ తర్వాత చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజి మీద చేరతాయి. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది. ఆఖరికి రెండూ సున్నాకి వచ్చి నైట్రేట్ మాత్రం కనిపిస్తుంది. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో నీళ్లు తెల్లగా మసకబారితే కంగారుపడి మొత్తం మార్చేయకండి, వాటంతట అవే తేరుకుంటాయి.

ఇంకా తొందరగా కావాలంటే, చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టె ఎవరింట్లో ఉందో అడిగి, దాని స్పాంజిలో ఒక ముక్క తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. జీవామృతంలో గట్టు మన్ను గుప్పెడు ఎందుకు వేస్తామో ఇదీ అందుకే. సీసాలో అమ్మే బ్యాక్టీరియా పనిచేయదని అనను. కానీ పాత స్పాంజి ఊరికే దొరుకుతుంటే దానికి డబ్బులెందుకు?

ఇక్కడ మనవాళ్లకో హెచ్చరిక. "సూక్ష్మజీవులే కదా" అని తొట్టెలో జీవామృతం పోయకండి! బెల్లం, పిండి తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ అంతా లాగేస్తాయి, మూత్రం వల్ల అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది. చేపల చెరువులో పేడ వేస్తారు కదా అంటారేమో. చెరువు విస్తీర్ణం వేరు, 50 లీటర్ల గాజు పెట్టె వేరు.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తళతళలాడేట్టు కడగడం కూడా అలాంటి తప్పే. తొట్టెలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే నాలుగుసార్లు పిండితే చాలు.

ఇక మొదటి చేపలు. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు. వాటికి మోలీలు, గప్పీలు, ప్లాటీలు బాగా సరిపోతాయి. గప్పీలు మగవే తీసుకోండి, లేదంటే నెలనెలా పిల్లలతో తొట్టె నిండిపోతుంది. నన్నడిగితే మొదటి ఓటు జీబ్రా డేనియోకి. మన దేశపు వాగుల్లో, వరి మడుల్లో తిరిగే చేపే అది, గట్టిది. ఆరు తెచ్చుకోండి. గుంపు లేకపోతే బెదురుతాయి. ఇవి కాక వేరే రకం కూడా కావాలనుకుంటే రెండు మూడు వారాలు ఆగి, పరీక్ష చేసి, అప్పుడు తెచ్చుకోండి. పిల్లలు ముందు గోల్డ్‌ఫిష్ అడుగుతారు. కానీ అది పెద్దగా పెరుగుతుంది, మలినం ఎక్కువ చేస్తుంది, 50 లీటర్లు దానికి ఇరుకు. గుండ్రటి గాజు గిన్నె గురించైతే చెప్పనే అక్కర్లేదు.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చి, తీసిన నీళ్లు కుండీల్లోని మిరప, టమాట మొక్కలకి పోసేయండి, నైట్రేట్ వాటికి ఎరువే. తొట్టె అంచున మనీ ప్లాంట్ తీగ వేర్లు నీళ్లలో ఉండేలా పెట్టినా కొంత లాగేస్తుంది.

చివరగా, షాపులో "ట్యాంక్ క్లీనర్" అని అంటగట్టే నల్లటి సక్కర్ చేప. రెండంగుళాల పిల్లగా వస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక చెరువులో వదిలేసేది దాన్నే. దక్షిణ అమెరికా చేప అది, మన చెరువుల్లోకి చేరి దెయ్యం చేప అని పేరు తెచ్చుకుంది. గట్లకి బొరియలు చేస్తుంది, వలలు చింపుతుంది. అసలు కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే, షాపుకే తిరిగివ్వండి. కాలువలోగానీ, ఊరి చెరువులోగానీ, మీ ఫాం పాండ్‌లోగానీ వదలొద్దు.