వాళ్ల డేటా సెంటర్ సరే, మన హార్డ్ డిస్కు సంగతేంది?

2025 అక్టోబర్ 14న రెండు వార్తలొచ్చినాయి. ఒకటి అందరం విన్నాం. గూగుల్ ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖపట్నంలో ఏఐ కేంద్రం, గిగావాట్ సైజులో డేటా సెంటర్ కడతాదని ఢిల్లీలో ప్రకటించినారు. రెండోది మన ఊళ్లల్లో ఎవరూ మాట్లాడుకోలే. అదే రోజు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. మొదటిదాని మీద టీవీల్లో గంటలు గంటలు చర్చ. రెండోదాని దెబ్బ మాత్రం గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెంలో నెట్ సెంటర్ నడుపుకునేవాళ్ల మీద, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో డిగ్రీ చదివే పిల్లల మీద పడింది.

విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాల. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆపైదో కావాల. కంపెనీ ఆఫీసులు వాడి వదిలేస్తే మన దాకా వచ్చే పాత ల్యాప్‌టాపుల్లో చానా వాటికి ఈ అర్హత లేదు. "కొత్తది కొనుక్కోండి" అంటారు. కొనడానికి పోతే అంగట్లో ఏం జరుగుతాందో చూడండి.

కంప్యూటర్లో వేసే ర్యామ్ చిప్పుల్లో ఎక్కువ భాగం ప్రపంచంలో మూడే కంపెనీలు తయారు చేస్తాయి. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు హెచ్‌బీఎం అనే ఖరీదైన మెమరీ కావాల. అదే సైజు మెమరీకి మామూలు ర్యామ్ కన్నా హెచ్‌బీఎంకు చానా ఎక్కువ సిలికాన్ పడతాది. లాభం యాడ ఎక్కువుంటే ఫ్యాక్టరీ ఆ పక్కకే తిరుగుతాది గదా! అందుకే 2025 చివరి నెలల్లో ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు ఎక్కినాయి. ఆ డిసెంబర్ 3న మైక్రాన్ ఇంకో మాట చెప్పింది. మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండు వ్యాపారం మూసేస్తాందంట, ఆ చిప్పులు డేటా సెంటర్లకు పంపాలంట. ఇంతకాలం మన పిల్లలు పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం పోసుకోను కొనుక్కున్న బ్రాండుల్లో అదొకటి.

చేనుకు పోవాల్సిన నీళ్లు పైనోడు తూము తిప్పుకున్నట్టుంది యవ్వారం. డేటా సెంటర్లు వద్దని నేను అనడంలే. అవి పెరిగే కొద్దీ సొంతంగా దాచుకునే దోవ మనకు ఖరీదై పోతాంది, అద్దెకు దాచుకునే దోవ మాత్రం తెరిచి పెట్టినారు. నా బాధ అది.

అద్దె సంగతి కూడా చెప్పుకుందాం. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నయినా ఉచితంగా పెట్టుకోమన్నారు. మనం అలవాటు పడినాక, 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆపేసినారు. ఇప్పుడు ఈమెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నిటికీ కలిపి 15 జీబీ. నిండితే నెలనెలా కట్టాల. రెండేండ్లు ఆ ఖాతా ముట్టుకోకుంటే తీసేసే హక్కు కూడా కంపెనీకి ఉంది. మనోళ్లు హైదరాబాద్‌కో, బెంగళూరుకో పనికి పోతారు, సిమ్ మారుస్తారు. రీచార్జి లేక పాత నంబరు ఆగిపోతాది, కొన్నాళ్లకు ఇంకొకరికి పోతాది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ ఆ కొత్త మనిషికే పోతాది. టెన్త్ మెమో నుంచి పెండ్లి ఫోటో దాకా తాళం లోపల, మనం బయట.

"ఏముందిలే అన్నా, నాలుగు ఫోటోలే గదా" అనే తమ్ముళ్లకు ఒక మాట. మన పక్క కాగితమంటే బతుకు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి పడింది. అప్పుడు పుట్టిన బిడ్డకు ఇప్పుడు పెండ్లయి పిల్లలుంటారు. ముంపు ఊళ్లోళ్లు పునరావాసం అడగాలంటే ఇల్లు ఉన్నట్టు, ఆ ఊర్లోనే బతికినట్టు, వయసు నిండినట్టు రుజువు చూపాల. పాత రేషన్ కార్డు, పన్ను రసీదు, కూల్చకముందు తీసిన ఇంటి ఫోటో, అన్నీ అక్కరకొస్తాయి. ఊరు మునిగినాక ఫోటో తీయలేం గదా.

"ఆఫీసులో ఉంటాయిలే" అని ధీమాగా ఉండకండి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేసి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయినాయి. కంప్యూటర్లో ఉంటే భద్రమనుకుంటే, 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని సర్కారు డేటా సెంటర్ సంగతి చూడండి. బ్యాటరీ నుంచి మంట పుట్టింది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదైనాయి. దానికి బయట ఇంకో కాపీ లేదు. చిప్పులు తయారు చేసే దేశానికే అట్లయింది. కట్టడం ఎంత పెద్దదైనా, ఒకే కాపీ ఉంటే అది లేనట్టే లెక్క.

నా దగ్గరికి ఫీజుల గురించో, భూమి గురించో అడగను వచ్చే పిల్లలు ఇప్పుడు ఇది కూడా అడుగుతాండారు. "అన్నా, ఫోన్ నిండింది, యాడ దాచేది? ఈ పాత ల్యాప్‌టాప్ పనికొస్తాదా?" నేను ఇంజినీర్ను కాదు. విప్పి, బిగించి, అడిగి నేర్చుకున్నది చెప్తా.

పాతది పారేయొద్దు. లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉంటే, అది తీసి 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించండి. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే, చోటుంటే ఎనిమిది చేయించండి. ఇండ్లల్లో విండోస్ 10 వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు సపోర్టు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది, దానికి నమోదు చేసుకోవాల. లేదంటే లినక్స్ మింట్ వేసుకోండి. ఉచితం, తెలుగు టైపింగ్ వస్తాది, చదువుకు, బ్రౌజింగుకు చాలు. ఏదన్నా పనికి విండోసే తప్పదంటే ముందే కనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ డిస్కు కొంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అంగట్లోనే చూడండి. ఎన్ని గంటలు తిరిగిందో, ఆరోగ్యం ఎట్లుందో చెప్తాది. "గుడ్" అని రాకపోతే దండం పెట్టి రండి. మూడు నాలుగు వందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని ఆన్‌లైన్లో కనిపిస్తే నమ్మొద్దు. పైన 2 టీబీ అని చూపిస్తాది, లోపల దాంట్లో పిసరంత కూడా ఉండదు. చోటు నిండినాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసుకుంటా పోతాది. పెన్‌డ్రైవ్ కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నిండా రాయించి చూస్తే నిజం బయటపడతాది.

దాచుకునేది మూడు చోట్ల. ఫోన్లో ఒకటి, ఇంట్లో బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటికి దూరంగా ఒకటి. దూరమంటే హైదరాబాద్‌లో పనిచేసే మీ అన్న దగ్గర పాస్‌వర్డ్ పెట్టిన పెన్‌డ్రైవ్ కావచ్చు, 15 జీబీ ఉచిత డ్రైవ్ కావచ్చు. సర్టిఫికెట్లకైతే డిజిలాకర్ ఉండనే ఉంది, దాంట్లో సర్కారు జారీచేసిన కాగితాలకు అసలుతో సమానంగా చట్టం విలువిచ్చింది. ఎస్ఎస్‌డీని, పెన్‌డ్రైవ్‌ను ఏండ్ల తరబడి బీరువాలో పడేయొద్దు, కరెంటు తగలకుంటే రాత మసకబారొచ్చు. రెండు మూడు నెలలకోసారి పెట్టి, ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని నమ్మొద్దు.

ఇంకోటి. నెట్ సెంటర్లో ఆధార్, పాస్‌బుక్ స్కాన్ చేయించినాక ఆ ఫైళ్లు అక్కడి డెస్క్‌టాప్ మీద వదలొద్దు. మీ ముందరే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. మొహమాటపడొద్దు.

ఇదంతా ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకునేది. అంతటితో ఆగితే డబ్బున్నోడి కాగితం మిగులుతాది, లేనోడిది పోతాది. అందుకే సర్కారును అడగాల. బంగారం మీద జీఎస్టీ 3 శాతం, బిడ్డ చదువు దాచుకునే హార్డ్ డిస్కు మీద 18 శాతం. ఇదేం న్యాయం? 2022 డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల ట్యాబులు పంచినారు. దాంట్లో పాఠాలిచ్చిన బైజూస్ 2024 జులైలో దివాలా కోర్టు మెట్లెక్కింది. వస్తువు పంచేటప్పుడు ఫోటోలు దిగినారు గానీ, చెడితే బాగుచేసే మనిషిని ఊరి దగ్గర పెట్టలే. విశాఖ డేటా సెంటర్‌కు భూమిలో, కరెంటులో రాయితీలు ఇయ్యగలిగిన సర్కారు, మండలానికొక లైబ్రరీలో ఒక స్కానరు, రెండు పెద్ద డిస్కులు, నేర్పే ఒక మనిషిని పెట్టలేదా? మన ఐటీఐ పిల్లలకు ఆ పని నేర్పితే వాళ్లకూ బతుకుదెరువు.

మార్కాపురం పలకల మీద ఎన్ని ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దినారో లెక్కలేదు. పలక మీద రాసింది చెరిపినా మళ్లీ రాసుకోవచ్చు. పట్టా, మెమో, ముంపు ఇంటి ఫోటో అట్లా కాదు. ఈ ఆదివారం ఇంట్లో కాగితాలన్నీ చాపమీద పరిచి ఒక్కోటీ ఫోటో తీయండి. పేరు, తేదీ వేసి మూడు చోట్ల దాచండి. తర్వాత పక్కింట్లో చదువురాని అవ్వ కాగితాలు కూడా తీసి పెట్టండి. అక్కడికి మనవంతు అయినట్టు. సర్కారు వంతు అడగను మార్కాపురంలోనో, గిద్దలూరులోనో కలుద్దాం.