దసరా సెలవు లెవరివి?

ఏటేట శరదృతువు రాగానే వానలు వెనుకకు తగ్గును. కృష్ణయొడ్డున రెల్లు తెల్లగా పూచును. బడుల తలుపులు మూతపడును. పిల్లలు పుస్తకముల సంచి గోడమేకునకు తగిలించి వీధిలోనికి వత్తురు. ఈ దినము లెవరివని ప్రశ్నించినచో, 'పిల్లలవే' యని ప్రతివారును తడుముకొనకుండ చెప్పుదురు. కాని మన యిండ్లలో జరుగుచున్న దానిని చూచినచో ఈ యుత్తరము నిలువదు. పెద్దపిల్లల సెలవులను ప్రైవేటు తరగతులు పట్టుకొనుచున్నవి. చిన్నపిల్లల సెలవులను సెల్‌ఫోను పట్టుకొనుచున్నది. తల్లి వంటయింటిలోను, తండ్రి తన స్నేహితులలోను మునిగియుండగా, మూడేండ్ల బిడ్డచేతికి మెరయు పలక నొకదాని నిచ్చి 'అల్లరి చేయకుము' అనుట సాధారణమైపోయినది. ఆస్తి పిల్లలది, అనుభవము పరులది! మా న్యాయవాదుల భాషలో దీనికి అన్యాక్రాంతమని పేరు.

ఆటపాటలు పిల్లలకు మనము దయతో వేయు భిక్ష కాదు. 1989వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి సర్వసభ యంగీకరించిన బాలల హక్కుల యొడంబడికలో 31వ అధికరణము బిడ్డకు విశ్రాంతియు, తీరికయు, వయసునకు తగిన ఆటయు హక్కులని స్పష్టముగ చెప్పుచున్నది. 1992లో భారతదేశమును ఆ యొడంబడికలో చేరినది. పిల్లల చదువు హక్కని మనమందరము నేర్చుకొంటిమి. ఆటయు నదే పత్రమున, అదే పంక్తిలో కూర్చున్నదని యెరిగినవారు తక్కువ. అయినను ఏ న్యాయస్థానమును పసివాని యాటకు కావలి కాయజాలదు. అయిదేండ్ల బిడ్డ దావా వేయడు. వాని వ్యాజ్యములో ప్రతివాదియు, న్యాయమూర్తియు, తీర్పు నమలుజరుపు నమీనాయు తల్లిదండ్రులే.

ఇక వినోదమన్నంతనే మనవారికి ఖర్చు జ్ఞప్తికి వచ్చుచున్నది. డబ్బు గలవారు పిల్లలను పెద్ద అంగళ్ళకు తీసికొనిపోయి, యంత్రపు గుఱ్ఱముల మీద కూర్చుండబెట్టి, ఋణము తీరినదని తలచుచున్నారు. డబ్బు లేనివారు తమ బిడ్డల కేమియు చేయలేకపోతిమని లోలోపల కుములుచున్నారు. ఇరువురును పొరబడుచున్నారు. నాలుగేండ్ల, అయిదేండ్ల బిడ్డకు వినోదమనగా అంగడిలో దొరకు వేరొక సరకు కాదు. పెద్దలు చేయు పనిలో తనకును చేయి దొరకుటయే. గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టునప్పుడు ఆకు లందించుట, బంతిపూలు రంగుల ప్రకారము వేరుచేయుట, చిక్కుడుకాయలు ఒలుచుట, ఆయుధపూజనాడు నాన్న సైకిలునకో మోటారుసైకిలునకో నీళ్ళు పోసి తుడిచి, పసుపు కుంకుమలు పెట్టుట, ఇవి వానికి పండుగలో పండుగలు. వాడు సగము నీళ్ళు తనమీదనే పోసికొనును. కుంకుమ బొట్టు దీపము మీద పెట్టుటకు బదులు కూర్చుండు చోట పెట్టును. పెట్టనిండు! పని చక్కగా జరుగవలెనన్న పట్టుదల యొక్క గంటసేపు మానుకొనుటయే ఇందులో తండ్రి చెల్లింపవలసిన ఖరీదు.

మన పెద్దలు ఈ రహస్య మెరుగనివారు కారు. దసరాకు బడిపిల్లలు రంగుకాగితములు చుట్టిన విల్లమ్ములు పట్టుకొని, పంతులుగారి వెంట పద్యములు పాడుచు ఇంటింటికి పోవు నాచారము తెలుగునాట చిరకాలము నడచినది. ఇంటివారు పంతులుగారికి దక్షిణయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. గుప్పెడు వేయించిన సెనగపప్పు, చిన్న బెల్లపుముక్క; ఇంతకన్న చౌకయైన విందు లోకమున లేదు. అయినను ఆ పప్పుబెల్లముల రుచి వృద్ధులు నేటికిని మరువరు. ఏలయన, ఆ దినమున ఊరంతయు గుమ్మములలో నిలిచి పిల్లల కొరకు ఎదురుచూచినది. పిల్ల లూరిలోని ప్రతి గడపను చూచినారు. ఆ యాచారమును తలచికొని కన్నీరు పెట్టుకొనవలెనని మా యభిప్రాయము కాదు. బడి మెట్టు ఎక్కనీయని పిల్లలకు ఆ యూరేగింపులో చోటు లేకపోయినది; ఆడపిల్లలలో పెక్కండ్రు గుమ్మములోనుండి చూచినవారే. లోపమును విడిచి, గుణమును గ్రహింతము: పిల్లల సంతోషము నాడు ఊరి బాధ్యతగా నుండెను.

ఇక మా ఇబ్రహీంపట్నము సంగతి చూతము. విజయవాడకు పడమట హైదరాబాదు మార్గమున నున్న యీ యూరిలో పొగగొట్టములు తప్ప చూడదగిన దేమున్నదని కొందరందురు. కూతవేటు దూరమున కొండపల్లి యున్నది. ఆ బొమ్మల పేరు దేశమంతయు నెరుగును. కాని పొరుగూరివారమగు మనము మన బిడ్డలకు ఆ బొమ్మ పుట్టుట నెన్నిమారులు చూపితిమి? తెల్లపొణికి యను తేలికకొయ్యను ఆరబెట్టి, ఉలితో చెక్కి, చేతులు కాళ్ళు వేరువేరుగ చేసి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతుకుదురు. పిదప సుద్దపూత, ఆపై మేకవెంట్రుకల కుంచెతో రంగులు. అంబారీ యేనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కు గీతకాడు, దశావతారములు, అన్నియు నీ విధముగనే పుట్టినవి. కొయ్యముక్కకు తొండము మొలచుట కన్నులార చూచిన పిల్లవానికి ఆ యేనుగు అంగడి వస్తువు కాదు, తన చుట్టము. పది బొమ్మలు కొననక్కరలేదు. ఒక్కటి కొనుడు, దానిని బిడ్డనే ఎన్నుకొననిండు. ప్రతివస్తువును నోట పెట్టుకొను పసికూన యైనచో సహజవర్ణములతో చేసినదానిని అడిగి తీసికొనుడు.

ఇందులో మనకు వేరొక లాభమును గలదు. పొణికిచెట్లు అరుదగుచున్నవి. ఉలి పట్టుటకు కుఱ్ఱవాండ్రు వెనుకాడుచున్నారు. యంత్రములు పోతపోసిన ప్లాస్టికు బొమ్మలు చౌకగా వచ్చి పడుచున్నవి. భౌగోళికసూచిక యను చట్టరక్షణ యీ బొమ్మ పేరును కాపాడగలదు గాని, కొనువాడు లేనిచో చేయువానిని కాపాడలేదు. అలమారులో అద్దము వెనుక పెట్టుకొను అలంకారముగ కొండపల్లి బొమ్మను కొనువారు కొందరున్నారు. అది చాలదు. బొమ్మ పిల్లల చేతిలో ఆడవలెను, అరగవలెను, చేయి విరిగినచో మరల అతుకబడవలెను. అప్పుడే కొట్టమునకు పని, పిల్లవానికి ఆట.

కొండపల్లి కొండమీద 14వ శతాబ్దమునాటి కోట యున్నది. రెడ్లు, గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఒకరి తరువాత నొకరు దాని నేలిరి. అయిదేండ్ల బిడ్డకు ఈ వంశావళి వల్లింపనక్కరలేదు. ఆ మెట్లు లెక్కపెట్టనిండు. బురుజు సందునుండి దిగువనున్న ఊరును చూచి తన యిల్లు వెదకికొననిండు. నీడన కూర్చుండి సీతాఫలము తిని గింజలు దూరముగ ఊయుపందెము వేయనిండు. చరిత్ర యాతనికి పదేండ్లకు చెప్పవచ్చును. చెప్పునాటికి ఆ కోట తన పాదముల కెరుకయై యుండును.

కృష్ణయొడ్డునకు పోదము. 2015లో పట్టిసీమ యెత్తిపోతలద్వారా తోడిన గోదావరి జలము పోలవరము కుడికాలువ వెంట 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, ఇబ్రహీంపట్నము ఫెర్రీయొద్ద కృష్ణలో కలిసినది. పవిత్రసంగమమని ఆ చోటికి పేరు. రెండు నదులు కలిసిన కథ పిల్లలకు చెప్పుటకు ఇంతకన్న తగిన తావు వేరొకటి లేదు. కాగితపు పడవలు చేయనేర్పుడు. రెల్లుపూల కుచ్చులు కట్టనేర్పుడు. కాని నీటియొద్ద సరదాతోబాటు జాగ్రత్తయు నుండవలయును. 2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసపు ఆదివారమునాడు, ఈ సంగమము దాపుననే పడవ బోల్తాపడి యిరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పడవకు అనుమతి లేదని పిమ్మట వెల్లడియైనది. వారును వినోదమునకై బయలుదేరినవారే. కావున పడవ యెక్కునప్పుడు, అనుమతి కలదా, జనము పరిమితికి మించినదా, రక్షణకవచము బిడ్డ కొలతకు సరిపోవునా యని మూడు ప్రశ్న లడుగుడు. ఒక్కదానికి సరియైన బదులు రాకున్నను దిగిపోవుడు. పిల్లవాడు పావుగంట యేడ్చి యూరకుండును. ఇంద్రకీలాద్రి మీద మూలానక్షత్రమునాటి జనసమ్మర్దమున పసిబిడ్డను గంటలకొలది నిలువబెట్టుటయు వినోదము కాదు. పోకతప్పనిచో పేరును, ఫోను సంఖ్యయు వ్రాసిన చీటి బిడ్డ జేబులో నుంచుడు.

ఇంతవరకు చెప్పినది స్థలములను గూర్చి. అసలు కొరత స్థలము కాదు, తండ్రి. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులు కోపింపకుందురు గాక! నవరాత్రులలో మన యిల్లాలి దినచర్య యెట్టిది? తెల్లవారకముందే నైవేద్యము, పిదప వంట, పిదప చుట్టములు, పిదప మరల వంట. పిల్లలను ఆడించుట ఆమె పనుల జాబితాలో పదునొకండవది. అదే దినములలో మనము చేయునది? న్యాయస్థానములకు సెలవు వచ్చినదని చీట్లపేక విప్పుదుము. దేశము బాగుపడు మార్గములను గూర్చి అర్ధరాత్రి వరకు వాదింతుము. దేశసేవ మంచిదే; ఈ వ్రాయువాడును దానిలో కొంతకాలము గడుపుచున్నవాడే. కాని దేశమును బాగుచేయబోవువాడు తన యింటి నాలుగేండ్ల పౌరునికి దినమున కొక గంట యీయలేనిచో, ఆ సేవకు పునాది యెక్కడ?

ఆ గంటలో చేయవలసిన దేమని యడుగుదురేమో. దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ, గోళీలు, వామనగుంటలు, చింతపిక్కలు, అష్టాచెమ్మ. వీనిలో రెండైనను మీకు జ్ఞప్తి యుండకపోదు. వాకిట వెన్నెలలో ఇసుక పోసి వెన్నెలకుప్ప లాడింపుడు. ఆశ్వయుజ బహుళ తదియ నాటి అట్లతద్దికి చెట్టుకొమ్మన ఉయ్యాల కట్టుడు. అక్కకే గాక తమ్మునికిని ఆ యుయ్యాల యక్కరకు వచ్చును. ఓడిపోవుట యెట్లో, వంతు వచ్చువరకు ఓపికపట్టుట యెట్లో, కన్నకూతురితో నవ్వుచు ఆడు తండ్రివద్ద నేర్చినంతగా బిడ్డ వేరొకచోట నేర్వదు. పండుగలో చదువు వెనుకబడునని భయపడువారికి ఇదియే మా బదులు.

'కూలికి పోవువారి మాట యేమి? వారికి సెలవులే లేవు గదా' యని కొందరు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్న. విద్యుత్కేంద్రముననో, లారీల మీదనో, ఇటుకబట్టీలయొద్దనో పొద్దంతయు పనిచేయు తల్లిదండ్రుల బిడ్డలు సెలవులలో వీధిపాలగుచున్నారు. వారి విషయమున ఊరి బాధ్యత మరల తలయెత్తవలయును. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము 1914 ఏప్రిల్ 10న విజయవాడలో జరిగిన మహాసభతో నొక రూపు దాల్చినది. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కృష్ణకాలువలో పడవమీద పుస్తకముల నెక్కించి పల్లెలకు పంపినవారు మన జిల్లాల పెద్దలే. పడవలో గ్రంథాలయము నడిపిన జాతికి, పదిదినములు సాయంకాలము ఒక గంటసేపు పఠనమందిరపు అరుగుమీద పిల్లలకు కథలు చెప్పుట కష్టమా? ఒక చాప, ఒక దీపము, నలుగురు స్వచ్ఛందసేవకులు, గుప్పెడు పప్పుబెల్లములు చాలును. ఈమారు ఏ గడపయు, ఏ కులమును, ఏ మతమును, ఆడపిల్లయు విడువబడకుండ పిలువవలయును. మసీదు వీధిలోని పిల్లవాడును, మాదిగవాడలోని పిల్లయు, వకీలుగారి యబ్బాయియు ఒకే చాపమీద కూర్చున్ననాడు ఆ పాత యాచారములోని లోపము తీరును, గుణము నిలుచును.

సోదరులారా, మా కచ్చేరీలలో దేనికైనను వాయిదా దొరకును. బాల్యమునకు వాయిదా లేదు. నాలుగేండ్ల బిడ్డకు ఈ దసరా యొక్కమారే వచ్చును. మరుసటి దసరాకు వానికి అయిదేండ్లు. సంపాదించిన పిదప ఆడింతుననువాని కప్పటికి ఆడుటకు పిల్లలు మిగులరు, పెద్దలు మిగులుదురు. కావున నేటి సాయంకాలమే ఈ పత్రికను మడిచి యవతల పెట్టుడు. బిడ్డచేతిలోని పలకను మెల్లగా తీసికొని, ఆ చేతిని మీ చేతిలోనికి తీసికొనుడు. అన్యాక్రాంతమైన యీ పది దినముల యాస్తిని అసలు హక్కుదారునకు స్వాధీనము చేయుడు.