కోసింది ఒక్క పూట.. అతికేది ఎన్నేళ్ళకు?

త్రీ నాట్ త్రీ తుపాకిని ఎరగని ఊరు మన జిల్లాలో ఉండదు. ఎన్నికలనాడు పోలింగు కేంద్రం గుమ్మంలోనో, తీర్థంనాడు గుడి వాకిట్లోనో, పోలీసు భుజాన వేలాడిన ఆ పొడుగాటి కొయ్య తుపాకిని మన పెద్దలు ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఎన్.సి.సి.లో చేరి దాన్ని మోస్తూ కవాతు చేసినవారు భుజం కమిలిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తుపాకి అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. దాని బోల్టును రూపొందించిన జేమ్స్ పారిస్ లీ పేరూ, లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో ఉండిన బ్రిటిషు ప్రభుత్వ తుపాకుల కర్మాగారం పేరూ కలిపి అలా పిలిచారు. 1907లో వచ్చిన మార్క్ త్రీ రకం మనవారికి బాగా పరిచయం. మేగజైనులో 10 తూటాలు పడతాయి. బరువు సుమారు 4 కిలోలు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ భారత సైనికుడు మోసింది ప్రధానంగా ఈ కుటుంబపు తుపాకినే.

ఈ పాత తుపాకి గొడవ ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. సముద్రాల అవతల ఈ తుపాకి చుట్టూ చాలాకాలంగా ఒక వాదం నడుస్తున్నది. కోసి మార్చిన యుద్ధ తుపాకిని తిరిగి అసలు రూపానికి తేవాలా, వద్దా అన్నదే ఆ వాదం. అందులో మన ఊళ్ళు నేర్చుకోవలసింది కొంత ఉంది. కనుకనే ఈ నాలుగు మాటలు.

రంపం కింద యుద్ధ తుపాకి

1945లో యుద్ధం ముగిసింది. ప్రభుత్వాల దగ్గర లక్షలాది తుపాకులు మిగిలిపోయాయి. బ్రిటిషు లీ ఎన్‌ఫీల్డ్, జర్మనీ మౌజర్, అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్, ఇటలీ కార్కానో.. ఇలా పలు దేశాల తుపాకులు అమెరికా, కెనడా అంగళ్ళకు చేరి కారుచౌకగా అమ్ముడుపోయాయి. ఎంత చౌక అంటే, 1963లో అధ్యక్షుడు కెన్నెడీని చంపిన కార్కానో తుపాకి, దూరం చూసే దుర్భిణితో సహా, 19 డాలర్ల 95 సెంట్ల ధరకు పోస్టులో తెప్పించుకున్నదే. 1968లో అమెరికా చట్టం చేసి పరదేశపు సైనిక తుపాకుల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. అంతవరకూ ఈ బేరం జోరుగా సాగింది.

కొన్నవారిలో చాలామంది రైతులు, వేటగాళ్ళు. చలికాలానికి ఇంటిల్లిపాదికీ దుప్పి మాంసం కావాలి. కొత్త వేట తుపాకి కొనే స్తోమతు అందరికీ లేదు. యుద్ధ తుపాకి చౌకేగాని బరువెక్కువ. అడవిలో మోసుకు తిరగడం కష్టం. అందుకని ముందు కొయ్యను రంపంతో సగానికి కోశారు. గొట్టంమీద చెయ్యి కాలకుండా కప్పిన పై కొయ్యను తీసి పారేశారు. బాయినెట్ తగిలించే మూతి దగ్గరి ఇనుప పొన్నును ఊడదీశారు. కొందరు గొట్టాన్నే నాలుగైదు అంగుళాలు కత్తిరించారు. మరికొందరు తుపాకి నడుమ ఇనుములో చిల్లులు తొలిచి దుర్భిణి బిగించారు. దీన్నే అక్కడ స్పోర్టరు చెయ్యడం అంటారు. అంటే యుద్ధ తుపాకిని వేట తుపాకిగా మార్చడం. ఆ పనికి పట్టిన కాలం ఒక పూట.

వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆనాడు ఆ తుపాకులు గుట్టలుగా పడి ఉన్నాయి. అవి ఒకనాటికి అరుదవుతాయని ఎవరనుకున్నారు? ఆకలిగొన్న కుటుంబానికి అన్నం ముఖ్యం గాని చరిత్ర ముఖ్యం కాదు.

మనవడి చేతికి వచ్చాక

తాత కోసిన తుపాకి ఇప్పుడు మనవడి చేతికి వచ్చింది. వేట అవసరం తగ్గింది. పాతవాటిపై మక్కువ పెరిగింది. తుపాకి ఇనుముమీద రాజుగారి కిరీటం ముద్ర, చేసిన సంవత్సరం, కర్మాగారం పేరు చూసి, ఇది ఏ యుద్ధభూమిలో తిరిగి వచ్చిందో గదా అని మనవడు ఆలోచిస్తాడు. దానికి మళ్ళీ పూర్వరూపం తేవాలని బయలుదేరతాడు.

అప్పుడు తెలుస్తుంది కష్టం. ముందు కొయ్య ఒకచోట, పై కొయ్యలు మరొకచోట, పొన్ను ఇంకొకచోట వెతికి కొనాలి. అన్నీ దొరికేసరికి ఏళ్ళు గడుస్తాయి. ఆ ముక్కలన్నిటికీ అయిన ఖర్చు, కోయని తుపాకి ధరను దాటిపోవడం కద్దు. దొరికిన కొయ్య తెచ్చి బిగిస్తే చాలదు. తూటా పేలినప్పుడు ఇనుము వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను పడే చోట కొయ్య రెండువైపులా సమంగా ఆనాలి. ఒకపక్క వదులైతే నాలుగు తూటాలకే చీలుతుంది. బండి చక్రానికి ఆకులు బిగించిన మన వడ్రంగులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చివరకు కొయ్యకు అవిసె నూనె రోజుల తరబడి చేత్తో రుద్ది ఇంకించాలి. మెరుగు రంగు పూస్తే అది పెళ్ళివారి మంచంలా ఉంటుంది గాని సైనికుడి తుపాకిలా ఉండదు.

ఇంత శ్రమ అవసరమా అంటే, అవసరమే అంటాను. అయితే కొన్ని హద్దులు ఉండాలి.

ఏది అతుకుతుంది, ఏది అతకదు

మొదటి హద్దు, ఇనుము జోలికి పోయారా లేదా చూడడం. కొయ్య మాత్రమే కోసి ఉంటే ఆ తుపాకిని నిక్షేపంగా పూర్వరూపానికి తేవచ్చు. గొట్టం కత్తిరించి, నడుమ ఇనుములో చిల్లులు తొలిచి ఉంటే కథ వేరు. ఆ చిల్లులను వెల్డింగు చేసి పూడుద్దామంటే వేడికి ఇనుము పదును పోతుంది. చూపులకు బాగుండవచ్చు. పేల్చినవాడి ముఖానికే ముప్పు రావచ్చు. అలాగే ఒక తుపాకి బోల్టు మరొకదానికి వేస్తే, బోల్టుకీ తూటాకీ మధ్య సందు తగినంత ఉన్నదీ లేనిదీ నిపుణుడు గేజి పెట్టి చూడకుండా పేల్చరాదు. అతకని దాన్ని అతకదని ఒప్పుకుని గోడకు తగిలించుకోవడమే వివేకం.

రెండవ హద్దు, ఒకదాన్ని బతికించడానికి మరొకదాన్ని చంపరాదు. ముక్కలకు గిరాకీ పెరిగేసరికి, చెక్కుచెదరని తుపాకులను సైతం విప్పి విడివిడి భాగాలుగా అమ్ముకునే వ్యాపారులు బయలుదేరారు. ఇది మిక్కిలి శోచనీయం. రంపం పట్టిన తాత ఆకలితో కోశాడు. స్క్రూడ్రైవరు పట్టిన ఈ వ్యాపారి ఆశతో విప్పుతున్నాడు. నష్టం చరిత్రకే.

మూడవ హద్దు, అబద్ధం చెప్పరాదు. లీ ఎన్‌ఫీల్డ్ తుపాకిలో ఇనుముమీద, బోల్టుమీద, పొన్నుమీద ఒకే నంబరు కొట్టి ఉండడం రివాజు. ఇవి పుట్టినప్పటినుంచీ కలిసి ఉన్న భాగాలని ఆ నంబరు సాక్ష్యం. కొత్తగా కొన్న పొన్నుమీద పాత నంబరు గుద్ది, ఇది మొదటినుంచీ ఉన్నదేనని అమ్మితే అది దొంగ దస్తావేజు పుట్టించడంతో సమానం. బాగుచేసినవాడు బాగుచేశానని కాగితంమీద రాసి తుపాకితోపాటు ఉంచాలి. ఊడదీసిన భాగాలను కూడా పారెయ్యకుండా దాచాలి.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి స్పోర్టరునూ వెనక్కి మార్చాలనుకోవడం పొరపాటు. అమెరికా అధ్యక్షుడుగా చేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్, స్ప్రింగ్‌ఫీల్డ్ సైనిక తుపాకిని వేటకు అనువుగా తయారుచేయించుకుని 1909లో ఆఫ్రికా వేటకు పట్టుకుపోయాడు. దాన్ని ఇప్పుడు ఎవరైనా "అసలు రూపానికి" తెస్తే చరిత్రను నిలిపినట్లా, చెరిపినట్లా? ఒక తాత తన చేత్తో చెక్కుకుని, యాభై ఏళ్ళు అడవులలో మోసి, తన పేరు మొదటి అక్షరాలు మడమమీద గీసుకున్న తుపాకి ఆ ఇంటికి అంతే విలువైనది. అక్కడ ఆ కోతే చరిత్ర.

మనకేమిటి సంబంధం?

ఈ తుపాకి పరాయిదని అనుకోరాదు. కలకత్తా సమీపాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్‌లో 1904లో తుపాకుల కర్మాగారం పెట్టారు. లీ ఎన్‌ఫీల్డ్ అక్కడ విస్తారంగా తయారయింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చేనాటికీ మన జవాన్ల చేతిలో ఉన్నది ముఖ్యంగా త్రీ నాట్ త్రీయే. ఆ తరువాత అదే నమూనాను 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడేలా మార్చి ఇషాపూర్‌లోనే చేశారు. ఇషాపూర్ ముద్ర ఉన్న తుపాకులు నేడు అమెరికా ఇళ్ళలోనూ కనిపిస్తాయి.

మన దేశంలో పద్ధతి వేరు. త్రీ నాట్ త్రీ తూటా పేల్చే రైఫిలు సామాన్య పౌరులకు నిషిద్ధం. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేనిదే లైసెన్సు రాదు. అందుకే మన ప్రభుత్వ కర్మాగారాలు లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే 315 బోరు స్పోర్టింగు రైఫిలును విడిగా చేసి లైసెన్సుదారులకు అమ్మాయి. ఇది కోసి మార్చినది కాదు. పుట్టుకతోనే ఇది వేట తుపాకి. దీనికి సైనిక వేషం వెయ్యబోవడం చరిత్రా కాదు, చట్టమూ ఒప్పదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం తగిన లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని కురచ చెయ్యడం నేరం. 2019లో చట్టాన్ని సవరించి, ఒక్కరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. తాతల నుంచి సంక్రమించినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి లైసెన్సుదారు మరణించినప్పుడు ఆయన తుపాకిని అటకమీద పెట్టి ఊరుకోరాదు. ఊరి కమ్మరి కొలిమికి తీసుకుపోయి బాగుచేయించే సాహసం అసలే వద్దు. పోలీసు స్టేషనులోనో, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్దనో అప్పగించి, వారసుడు తన పేర దరఖాస్తు చేసుకోవాలి.

కోయకముందే ఆలోచించాలి

మన జిల్లాలో తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరానికి మిలటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరినుంచి మనవారు వెళ్ళారు. అటువంటి ఇళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నాయి. వారు మోసిన తుపాకి వారి ఇంటికి రాలేదు. సర్కారు కొట్లోకి వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చినవి పతకాలు, డిశ్చార్జి కాగితాలు, ఒకటి రెండు ఫోటోలు. మొదటి యుద్ధంలో పోరాడినవారికి ఇచ్చిన బ్రిటిషు యుద్ధ పతకం వెండిది. దాని అంచుమీద సైనికుడి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. కంసాలి మూసలో పడితే పేరు కరిగిపోయి వెండి మిగులుతుంది. తుపాకి కొయ్యనైతే ఏళ్ళ తరబడి వెతికి తెచ్చి అతకవచ్చు. కరిగిన పేరును ఏ నిపుణుడూ అతకలేడు.

కనుక అటువంటి పతకం ఇంట్లో ఉంటే తోమి మెరిపించవద్దు. గొలుసులోకి మార్చవద్దు. చిల్లు పొడవవద్దు. కాగితాలను మడతలు విప్పి పొడిగా భద్రపరచండి. ఎవరిదో, ఏ ఏడాదిదో తెలిసిన పెద్దలు ఉండగానే వెనుక రాసి పెట్టండి.

ప్రభుత్వానికీ ఒక మనవి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారు. మన దగ్గర కూడా పాత తుపాకులను పక్కనపెట్టినప్పుడు అన్నిటినీ ఒకే రంపం కింద పెట్టరాదు. పేలకుండా చేసి, కొయ్య, పొన్ను, నంబరు ఏవీ చెడగొట్టకుండా కనీసం ఒక్క తుపాకిని జిల్లా కేంద్రంలో అద్దాల పెట్టెలో ఉంచితే, దాన్ని మోసినవారి మనవలు, మునిమనవలు వచ్చి చూసుకుంటారు. అందుకయ్యే ఖర్చు ఒక అద్దాల పెట్టె. ఆ పని చెయ్యకపోతే, నలభై ఏళ్ళ తరువాత ఎవరో ఒకరు దాని ముక్కల కోసం ఊరూరా తిరగవలసి వస్తుంది. సముద్రాల అవతల మనవలు ఇవాళ చేస్తున్నది ఆ పనే.