సూపు గిన్నె ఇచ్చి ప్రార్థన అడిగితే తప్పా?

శాన్‌ఫ్రాన్సిస్కోకి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి టెండర్లాయిన్ గురించి అందేవి రెండే సలహాలు. ఆ వీధుల్లోంచి నడవొద్దు, కార్లో బ్యాగు వదలొద్దు. అంతటితో ఆ పేట గురించి మన జ్ఞానం సంపూర్ణం. సివిక్ సెంటర్‌లో బార్ట్ దిగి నాలుగడుగులేస్తే ఫుట్‌పాత్ మీద నడుం సగానికి వంగిపోయి నిలబడే నిద్రపోతున్న మనుషులు కనిపిస్తారు, అది ఫెంటనిల్ మత్తు. వాళ్ళ మధ్య తోపుడు బండి మీద సూపు, సాక్సులు, దుప్పట్లు పెట్టుకుని తిరిగే చర్చి వాళ్ళూ కనిపిస్తారు. లంచ్ టేబుల్ దగ్గర ఈ సంగతెత్తితే మనవాళ్ళు ఠక్కున అనే మాట: "ఇక్కడ కూడా మతమార్పిడేనా?"

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా నాకీ మాట నచ్చదు. ఆ ఫుట్‌పాత్ మీదున్నవాళ్ళలో చాలామంది క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళే కదా, మార్చడానికి అక్కడ మతం ఏముందండీ? మన ఊళ్ళో దెబ్బలాటని విమానంలో పాటు తెచ్చుకుని ఇక్కడ పరుస్తున్నాం, అంతే. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "ప్రార్థన నాకొద్దు" అన్నవాడికి ఆ సూపు, ఆ మంచం దొరుకుతాయా, దొరకవా?

టెండర్లాయిన్‌లోనే దీనికి మంచి జవాబులున్నాయి. సెయింట్ ఆంథొనీస్ అనే భోజనశాలని 1950లో ఆల్‌ఫ్రెడ్ బోడెకర్ అనే ఫ్రాన్సిస్కన్ పాదిరీ మొదలెట్టారు. అక్కడ భోజనానికి ప్రార్థన షరతు లేదు. దానికి కాస్త దూరంలో గ్లైడ్ చర్చి. వారెన్ బఫెట్‌తో భోజనం వేలం వేసేవారు గుర్తుందా, 2022లో 1.9 కోట్ల డాలర్లు పలికింది, ఆ డబ్బు వెళ్ళింది వీళ్ళకే. దాని పాస్టరు సెసిల్ విలియమ్స్ 1967లో ఆరాధన మందిరంలోంచి సిలువనే తీయించేశాడు! ఆయన 2024లో పోయారు. ఇవాళ ఆ గ్లైడ్ వాళ్ళే మత్తు వాడేవాళ్ళకి శుభ్రమైన సూదులు, నార్కాన్ పంచుతున్నారు. రెండూ క్రైస్తవం నుంచి పుట్టినవే, రెండిట్లోనూ ముందు ప్రార్థన చెయ్యి అనరు.

అన్ని చోట్లా ఇలా ఉండదు. ఒరెగాన్‌లో గ్రాంట్స్ పాస్ అని చిన్న ఊరు. అక్కడి పెద్దవాళ్ళకి అప్పట్లో ఉన్న ఆశ్రయం ఒక్కటే, గాస్పెల్ రెస్క్యూ మిషన్. లోపలికి రావాలంటే సిగరెట్ మానాలి, ప్రార్థనకి రోజూ హాజరవ్వాలి. పార్కులో దుప్పటి కప్పుకుని పడుకుంటే ఊరు అప్పట్లో వేసిన జరిమానా 295 డాలర్లు. జేబులో చిల్లి తప్ప ఏమీ లేనివాడికి! ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కింది కోర్టు ఆ మిషన్ మంచాల్ని "అందుబాటులో ఉన్న ఆశ్రయం" కింద లెక్కకట్టనంది, కారణాల్లో ఈ ప్రార్థన నిబంధన ఒకటి. 2024 జూన్ 28న సుప్రీంకోర్టు 6-3తో ఊరి వైపే తీర్పిచ్చింది. మంచం లేకపోయినా సరే, బయట పడుకుంటే శిక్షించొచ్చు. ఇక చేతిలో ఉన్నవి జరిమానా, లేకపోతే చాపెల్.

నేను మిషన్‌ని తిట్టను. వాళ్ళ సొంత డబ్బు, వాళ్ళ ఇల్లు, వాళ్ళ నియమాలు. నా కోపమంతా ఊరి మీద. తను ఒక్క గది కట్టకుండా, చర్చి గదుల్ని చూపించి మనుషుల్ని తరిమే హక్కు ఎక్కడిది? పోలీసు వెనకాల నిలబడ్డాక దానం దానంగా మిగలదు.

ఇది మనకి తెలియని కథేం కాదు. స్టూవర్టుపురం పేరు సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. 1910ల్లో నేరస్త తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని అక్కడ పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది బ్రిటిష్ ప్రభుత్వం. బడి పెట్టారు, పని నేర్పారు, నిజమే. కానీ ఆ చట్టం నీడలో హాజరు పట్టీ ఉంది, ఊరు దాటాలంటే అనుమతి ఉంది. తర్వాత అదే ఊళ్ళో జాషువా కూతురు, గోరా కోడలు హేమలతా లవణం పనిచేశారు, ఆవిడ చేతిలో ఏ చట్టమూ లేదు, ఏ దేవుడూ లేడు. మనిషి బాగుపడడానికి ఫలానా దేవుడే కావాలనీ, దేవుడు అడ్డమనీ రెండూ ఒప్పుకోలేకపోవడానికి నాకు ఇదొక కారణం.

ఇంకో విషయంలో మాత్రం మిషన్లతో నాకు పేచీ ఉంది. మందు. మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ వాడితే ఓపియాయిడ్ బానిసలు చచ్చిపోయే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. కొన్ని మిషన్లు మాత్రం "ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకోవడమే" అని వీటిని రానివ్వవు. మూడు వారాలు ఏమీ ముట్టకుండా ఉన్నవాడి ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. ఆ సమయంలో ఏదో నియమం తప్పాడని గెంటేస్తే, వాడు బయటికొచ్చి పాత లెక్కలోనే తీసుకుంటే, అదే ఆఖరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023 ఒక్క ఏడాదిలో ఓవర్‌డోస్‌తో 800 మందికి పైగా పోయారు. ప్రార్థన చేయించండి, అభ్యంతరం లేదు, మాత్ర మాత్రం లాక్కోకండి.

విశ్వాసం పనిచెయ్యదని అనడం లేదు. మద్యం మానడానికి కోట్లమంది పట్టుకున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో పుట్టింది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నీడలోనే. అర్ధరాత్రి వానలో వంగిపోయిన మనిషి పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచేవాణ్ణి తీసుకురావడం ప్రభుత్వానికి చేతకావడం లేదు, అదీ నిజమే. మన కంపెనీల్లో డిసెంబరులో మ్యాచింగ్ గ్రాంట్ కోసం వెతుక్కుంటాం కదా, "చర్చి" అన్న పదం కనపడగానే పేజీ మూసెయ్యకండి. ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి. ప్రార్థనకి రానంటే మంచం ఉంటుందా? బ్యూప్రినార్ఫిన్ తెచ్చుకోనిస్తారా? తప్పు చేసి బయటికెళ్ళినవాడు మళ్ళీ వస్తే రానిస్తారా?

నేను రెండు చోట్ల అడిగాను. ఒకచోట మూడింటికీ అవునన్నారు, మాత్రలు తాళం వేసిన అలమారాలో పెట్టి నర్సు చేత ఇప్పిస్తారట. రెండోచోట ఫోనెత్తిన పెద్దావిడ కాసేపు ఆలోచించి, "ఓ శనివారం వంటకి రండి, చూసి మీరే చెప్పండి" అన్నారు. వచ్చే నెల రెండో శనివారం వెళ్తున్నాను. ఉల్లిపాయలు తరగడం వచ్చా అని కూడా అడిగారు.