ఇష్టపడి చేసే బానిసత్వం

హారీ పాటర్ నవలలు 1997 నుంచి 2007 దాకా ఏడు సంపుటాలుగా వెలువడ్డాయి. అభిమానులు ఇప్పటికీ వాటిలో ఈకకు ఈక, తోకకు తోక తీస్తూనే వున్నారు. స్నేప్ మంచివాడా చెడ్డవాడా, హెర్మియోనీ ఎవర్ని పెళ్లాడవలసింది అన్న వాదాలతో నాకు పేచీ లేదు. హౌస్ ఎల్ఫుల గురించి వాళ్లలో చాలామంది చేసే వాదంతోనే నా పేచీ.

మాంత్రికుల ఇళ్లలో తరతరాలుగా కూలి లేకుండా చాకిరీ చేసే జాతి అది. "వాళ్ల స్వభావమే అంత; సేవలోనే వాళ్లకు సుఖం; అక్కర్లేనివాళ్లకు స్వేచ్ఛ అంటగట్టబోవడం హెర్మియోనీ తెలివితక్కువతనం" అంటారు వీళ్లు.

ఈ వాదానికి పాండిత్యపు ముసుగు కూడా వున్నది. బ్రిటిష్ జానపద కథల్లో బ్రౌనీ రాత్రిపూట ఇంటిపని చేస్తుంది, బట్టలిస్తే వెళ్లిపోతుంది. ఎల్ఫుకు మూలం అదేనంటారు. కావచ్చు. కాని బ్రౌనీ తన ఇష్టంతో వస్తుంది, కోపం వస్తే తన ఇష్టంతో పోతుంది. ఎల్ఫుకు ఆ హక్కు లేదు. యజమాని బట్ట ఇస్తేనే విడుదల. ఆజ్ఞ మీరితే తన్ను తానే దండించుకోవాలి. మంత్రదండం పట్టడం చట్టవిరుద్ధం. ఇష్టంగా చేసే పనికి ఇన్ని కట్టుదిట్టాలెందుకు?

కల్పిత జాతికి స్వభావం ఆకాశం నుంచి ఊడిపడదు. రచయిత్రి ఇస్తే వస్తుంది. ఎందుకిచ్చిందని అడగడం విమర్శ. ఇచ్చిందాన్ని ప్రకృతి ధర్మమనుకోవడం భక్తి. బానిసలు సుఖంగానే వున్నారని వెస్టిండీస్ తోటల యజమానులూ వాదించారు. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది యజమానులకే, బానిసలకు కాదు. ఆ చరిత్ర వున్న దేశపు కథ చదువుతూ యజమానుల వాదాన్నే వల్లించడం అమాయకత్వం అనిపించుకోదు.

డాబీ స్వేచ్ఛ కోరాడు కదా అంటారు. కోరాడు. వారానికి పది గాలియన్ల జీతం ఇవ్వజూపితే బేరమాడి ఒక్కటికి తగ్గించుకున్నాడు! జీతం తగ్గించమని బతిమాలే పనివాణ్ణి చూపి మనల్ని నవ్వించడం ఎవరికి మేలు? హెర్మియోనీ పెట్టిన సంఘం నవలలో వేళాకోళం పాలయింది; 2005 నాటి సినిమాలో దాని ఊసే లేదు.

అయినా అభిమానులకు జవాబు నవలల్లోనే వున్నది. క్రీచర్‌ను అట్లా తయారుచేసింది మాంత్రికులేనని అయిదో సంపుటంలో డంబుల్‌డోరే అంటాడు. చివరి యుద్ధంలో ఎల్ఫులు వంటింటి కత్తులు పట్టి పోరాడారు. యుద్ధం గెలిచాక హారీకి వచ్చిన ఆలోచన, క్రీచర్ తనకు సాండ్‌విచ్ తెచ్చిపెడతాడా అని! వాదించదలచినవాళ్లు ఆ సాండ్‌విచ్ గురించి వాదించాలి.